మిలట్రీ డబ్బా రొద

జూలై 6
నాన్న రేడియో పెట్టె దించాం. ఇన్నేళ్లుగా దాని మీద బియ్యం డబ్బా పెట్టి బతికేశాం. ఈయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టాం... నడుం పట్టేసింది. మూత తీస్తే లోపలంతా ఎర్ర దుమ్ము. కిరండూల్ ఇనప గనుల ఊరు, ఏది తెరిచినా ఇదే. రెండు గాజు వాల్వులు పోయాయి, ఒకదానికి నెత్తి తెల్లబడింది. విశాఖలో మిలట్రీ పాత సామాను అమ్ముతుంటే నాన్న కొని, గూడ్సు బండి బ్రేక్ వ్యానులో ఎక్కించుకొచ్చాడు. ఆ పచ్చ రంగు చూసి, మా నాన్న యుద్ధం చేసొచ్చాడని స్కూల్లో గొప్పలు చెప్పాను. నాన్నది రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే ఉద్యోగం.

జూలై 7
నెలాఖరుకి తమ్ముడు పలాస నుంచి వచ్చి అమ్మని తీసుకెళ్తాడు. ఇక పూర్తిగా అక్కడే. అమ్మే తేల్చేసింది. "కళ్లు పోయినదానికి మనుసులుండాల. మీరిద్దరూ డ్యూటీకెల్లిపోతే ఈ గోడల్తో నానేటి మాటాడీది?" అందుకే రేడియో. ఇది పాడితే అమ్మ ఉండిపోతుందని ఆశ. పిచ్చి ఆశే. ఉంది, ఏం చేయను.

జూలై 11
నేను పనిచేసే స్కూల్ ల్యాబ్ నుంచి మీటరు తెచ్చి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంది. అది పోయుంటే ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు. ఎగిరి గంతేశాను. ఈయన తలుపు దగ్గర నిలబడి, "నాకు జ్వరమొచ్చినప్పుడు ఇంత ఆత్రంగా చూశావా ఎప్పుడైనా?"

జూలై 14
వాన. కరెంటు లేదు. ఇసుక కాగితంతో కాళ్లు రుద్దుతూ కూర్చున్నాను — వాల్వుల కాళ్లు.

జూలై 19
ఆదివారం. జగదల్‌పూర్ వెళ్లి రెండు వాల్వులు తెచ్చాను. వచ్చేటప్పుడు చెక్‌పోస్టులో సంచి విప్పించారు. జవాను వాల్వు ఎత్తి చూసి — "యే క్యా హై? వైర్‌లెస్ కా?" నహీ భయ్యా, సిర్ఫ్ సున్‌నే వాలా రేడియో. మా కే లియే, అన్నాను. వినడానికే, అమ్మ కోసమని. అతను మెత్తబడ్డాడు. "మేరీ నానీ కే పాస్ భీ థా." వాళ్ల అమ్మమ్మ దగ్గరా ఉండేదట. తీసిన గుడ్డలోనే మళ్లీ జాగ్రత్తగా చుట్టి ఇచ్చాడు.

జూలై 21
కండెన్సర్లన్నీ మార్చాను. కరెంటు మోతని ఆపే పెద్ద కండెన్సర్ పూర్తిగా ఎండిపోయింది. నాన్న ఉన్నప్పుడే పాడై ఉంటుంది. అంటే చిన్నప్పుడు విన్నదంతా ఆ గుయ్యిమనే మోత వెనక నుంచే విన్నామన్నమాట. పారేయబోయి, మరలు వేసుకునే డబ్బాలో పడేశాను.

జూలై 24
పలికింది.
ముందు జగదల్‌పూర్ స్టేషన్, ఇక్కడి హల్బీ భాషలో పాట. మెల్లగా తిప్పితే ఎక్కడో దూరంగా తెలుగు... విశాఖ. చిటపటల మధ్య ఎవరో వ్యవసాయం గురించి మాట్లాడుతున్నారు. ఏడ్చేశాను. వరి నాట్ల గురించి విని ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మోత లేదు, గరగర లేదు, మాట మాట తెలుస్తోంది. అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని చాలాసేపు విన్నది.
"బాగుంది. ఎవులిదే?"
మనదేనమ్మా. నాన్నది.
"కాదు."

జూలై 25
పొద్దున కాఫీ తాగుతూ చెప్పింది. "దానికి రొద ఉండీదే. వంటింట్లో ఉన్నా ఇనబడీది. ఆయన తప్ప ఇంకెవులూ దాన్ని ముట్టుకునీవోరు కాదు గదా. రొద ఉందంటే మీ నాన్న ఇంట్లో ఉన్నట్టు. ఆపీసినాడంటే డ్యూటీకెల్లినట్టు. పాటలెవులిన్నారే."
నేను రేడియోని బాగుచేసి, అందులోంచి నాన్నని తీసేశాను.

జూలై 27
చిన్న కండెన్సర్ ఒకటి వేసి చూశాను. మోత వచ్చింది. పిలిచాను. అమ్మ చెవి పెట్టి విని, "ఇది దోమ." ఈయన పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత నాకూ నవ్వొచ్చింది, వాళ్లకి కనపడకుండా.

జూలై 29
జగదల్‌పూర్ దాటాక ఘాట్‌లో కొండచరియలు పడ్డాయి. రైలు జగదల్‌పూర్ దాకానే. తమ్ముడు అక్కడి నుంచి బస్సులో వస్తాడట, బస్సులోనే తీసుకెళ్తాడట. దారి బాగయ్యేదాకా ఆగొచ్చు కదరా అన్నాను. "సెలవు లేదక్కా." అమ్మ చీరలు మడత పెట్టుకుంటోంది. చేత్తో తడిమి, ఏది ఏదో చెప్పేస్తోంది.

జూలై 30
మరల డబ్బాలో పడేసిన పాత కండెన్సర్ పెడితే ఆ మోతే వస్తుంది, కానీ అది ఇన్నేళ్లు ఎండినది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా కాలిపోతుంది. అప్పుడు విశాఖా ఉండదు, జగదల్‌పూరూ ఉండదు, వట్టి ఇనప పెట్టె. "పెట్టకు" అన్నారీయన. మొదటిసారి నవ్వకుండా.

జూలై 31
పెట్టాను.
సాయంత్రం. సంచులు గుమ్మం దగ్గర. తమ్ముడు స్నానానికెళ్లాడు. స్విచ్ వేశాను. వాల్వులు వెలిగేదాకా ఏమీ లేదు. తర్వాత మొదలైంది... లావుగా, నేలలోంచి వస్తున్నట్టు. నేనూ మర్చిపోయాను ఇన్నాళ్లు.
అమ్మ కొంగు సర్దుకుంది. నాన్న ఇంట్లోకి వచ్చినప్పుడు అలాగే సర్దుకునేది. తమ్ముడు తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.
అప్పుడు అమ్మ —
"చాల్లే. ఆపీ. ఆయన డ్యూటీకెల్లాల."
మామూలు గొంతే. మతి తప్పి అన్నది కాదు, మా అమ్మ నాకు తెలుసు. వెంటనే తమ్ముడి వైపు తిరిగి, "బస్సెన్నింటికిరా?"
ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. లక్క కరుగుతున్న వాసన. ఈయన నా వైపే చూస్తున్నారు.
రేడియో పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇంకా ఆపలేదు.