నలభై ఆరు చుట్లు

ప్రత్తిపాడు,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు నాగేంద్రబాబును అన్న చెంచయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, మీ వదిన, శ్రీదివ్య, నేను అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. నేను క్షేమమన్న ముక్క మాత్రం ఆచారం కోసం రాశాను. అది ఎంత నిజమో కిందికి చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ మోకాలు పర్వాలేదు. ములాఖత్ రోజున అసలు నొప్పే ఉండదు, నాకంటే ముందు బస్సెక్కి కూర్చుంటుంది. మిరపను బొబ్బర తెగులు తిన్నంత తిన్నది, మిగిలిన కాయ కల్లంలో ఆరుతోంది. గేదె ఈనింది, పెయ్యదూడ. దానికి పేరు బాబాయే పెట్టాలని శ్రీదివ్య పట్టుపట్టింది. ఇక జైల్లో ఆ మోటారు సంగతి అడిగావు. దానికి చివర్లో వస్తాను.

అక్కడ నీకిచ్చిన మోటారు వైండింగ్ సర్టిఫికెట్ వైభవం ముందు చెప్పాలి. అమ్మ దానికి లామినేషన్ చేయించింది. ముందు గదిలో నాన్న పక్కన నా ఫోటో ఉండేది కదా, నా మోటారు కొట్టు తెరిచిన రోజు బుల్లయ్య మేస్త్రి కొబ్బరికాయ కొడుతున్నది? దాన్ని దింపేసి అదే మేకుకు నీ సర్టిఫికెట్ తగిలించింది.

"నా ఫోటో ఏదమ్మా?" అన్నాను.

"బీరువా మీద పెట్టాలేరా. నీ కొట్టు ఎక్కడికి పోద్ది, రోజూ చూస్తానే ఉన్నాంగా. చిన్నోడిది గవర్నమెంటు ముద్రరా!" అంది.

అమ్మ సంగతి సరే, ఊళ్ళోవాళ్ళకేం పుట్టింది? మొన్న దానయ్య మామ కాలిపోయిన మోటారు తెచ్చి కొట్టు ముందు దించాడు. దించినవాడు ఊరుకోవచ్చుగా! "ఏరా చెంచయ్యా, మీవోడు జైల్లో మిషను మీద చుడతన్నాడంటగా? ఎప్పుడొస్తాడు బయటికి? అందాకా దీన్ని ఆపుకోమంటావా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన మోటార్లు చుట్టిన చేతులు ఇవి. ఒళ్ళు మండిపోయింది.

నేను ఈ పని ఎలా నేర్చుకున్నానో నీకు తెలుసు. బుల్లయ్య మేస్త్రి దగ్గర ఏడేళ్ళు. మొదటి రెండేళ్ళూ కాలిన తీగ పీకడం, కొట్టు ఊడవడం. కాయిల్ వంకరపోతే చెక్కసుత్తితో వేళ్ళ మీద కొట్టేవాడు. చలికాలం వస్తే ఈ చూపుడువేలు ఇప్పటికీ వంగదు. ఏ మోటారుకు రాగి తీగ ఎన్ని చుట్లో రాసుకున్న పుస్తకం మాత్రం ఆరేళ్ళు నా కంట పడనివ్వలేదు. "చుట్ల లెక్క చెప్పినోడు సొంత కొట్టుకు తాళం ఏసుకున్నట్టేరా" అనేవాడు. తను కొట్టు మానేసిన రోజున ఆ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

నువ్వేమో పది నెలల్లో నేర్చేసుకున్నావు. నెత్తిమీద ఫ్యాను, కూర్చోవడానికి కుర్చీ, రంజాన్ మాస్టారు "నాగేంద్రగారూ" అని పిలిచి చెప్పడం! తప్పు చేసినవాడికి కుర్చీ వేసి నేర్పి, ఏ తప్పూ చేయనివాడిని సుత్తితో కొట్టి నేర్పుతారా అని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. కాలవ గొడవలో నువ్వు తోస్తే యలమంద పడి చనిపోయిన నాటి నుంచి నీకు పోయిన ఐదేళ్ళూ, అతని ముఖం గుర్తొచ్చి అన్నం సహించదని నువ్వు రాసిన ముక్కా నా కంటికి ఆనలేదు. ఆ కుర్చీ ఒక్కటే ఆనింది.

ఇప్పుడు ఆ మోటారు.

పోయిన నెల రాశావు. రాగి తీగ మొత్తం ఎవరో లాగేసిన ఖాళీ మోటారు మీ షెడ్డుకు వచ్చిందని, పాత కంపెనీది గనక చుట్ల లెక్క రంజాన్ మాస్టారికీ తెలియదని. ఈ వచ్చే సోమవారం పైఅధికారుల ముందు అది పగలంతా తిరిగితే మీ షెడ్డును వర్క్‌షాపు చేసి బయటి రైతుల మోటార్లు తీసుకుంటారని, ఇంకో ఇరవై మందిని చేర్చుకుంటారని, వాళ్ళకు నేర్పే పని నీకిస్తారని. మిషను చెప్పినన్ని చుట్లు చుడుతుంది, ఎన్ని చుట్టాలో దానికి తెలియదు, నువ్వే చెప్పాలన్నా అని రాశావు. ఆ ముక్క చదివి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

పుస్తకం తీశాను. అందులో ఒక్కో కాయిల్‌కు నలభై ఆరు అని ఉంది. నీకు నలభై అని రాశాను.

పొరపాటు కాదురా. కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం ముందు పెట్టుకునే రాశాను. ఆరు చుట్లు తగ్గితే ఏమవుతుందో నాకు తెలియదా? ముందు బాగానే తిరుగుతుంది, తర్వాత వేడెక్కి కాలిపోతుంది. అందరి ముందూ అది పొగ కక్కాలని, అమ్మ నీ సర్టిఫికెట్ దింపాలని కోరుకున్నాను. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చి గోంగూర వేసుకుని సుబ్బరంగా తిన్నాను కూడా.

మంగళవారం నీ ఉత్తరం మీ వదినే చదివి వినిపించింది, కల్లంలో నేను తాలుకాయలు ఏరుతుంటే. "చుట్లు తక్కువేమో, ఇంకోసారి కనుక్కో అన్నారు రంజాన్ మాస్టారు. మా అన్న చేతి లెక్క తప్పదు, తప్పితే నన్ను షెడ్డులోంచి తీసేయండి అన్నాను. ఫారంలో గురువు పేరు అడిగితే నీ పేరే రాయించానన్నా. లెక్క సరిపోతుంది కదా?" అని రాశావు.

మీ వదిన తలెత్తి, "మీరు సరిగ్గానే రాశారుగా?" అంది.

"ఆఁ" అన్నాను. ఆ ఒక్క అక్షరం మూడు రోజులుగా గొంతులో మెతుకులా అడ్డం పడి ఉంది.

సరిపోదురా తమ్ముడూ. నలభై ఆరు. ఇప్పటికే చుట్టేసి ఉంటే పీకెయ్, మొహమాటపడకు. రేపు చుడితే వార్నిష్ ఆరడానికి ఆదివారం ఎండ చాలు. పోస్టులో వేస్తే ఇది నీకు అందేసరికి సోమవారం దాటిపోతుంది. అందుకని రేపు మొదటి బస్సుకు నేనే తెస్తున్నాను. ములాఖత్‌లో నీ ముఖం చూసి ఇవన్నీ చెప్పే ధైర్యం నాకు లేదు, కాగితమే చెబుతుంది. గేటు దగ్గర వాళ్ళు చదివాకే నీకిస్తారు. చదవనీ. అన్న ఎలాంటివాడో వాళ్ళకూ తెలియనీ.

బుల్లయ్య మేస్త్రి పుస్తకం కూడా తెస్తున్నాను. ఆ ఇరవై మందికీ చదివి వినిపించు. మేస్త్రి పైనుంచి తిట్టుకుంటే తిట్టుకుంటాడు.

నా కుళ్ళు పోయిందని మాత్రం అనుకోకు. ఇది రాస్తుంటే కూడా ఆ కుర్చీ కళ్ళముందే ఉంది. సోమవారం మోటారు తిరిగితే మీకు ఫోటో తీస్తారు, అమ్మ దాన్నీ గోడకు తగిలించాలంటుంది. ఈసారి నా ఫోటోకూ దానికీ కలిపి రెండు మేకులు నేనే కొడతాను. ఏడుస్తూనే కొడతాను గానీ, గట్టిగా కొడతాను.

ఇట్లు,
ఫారంలో ఆ పేరు ఉంచాలో కొట్టేయాలో నీకే వదిలేసిన
మీ అన్న,
చెంచయ్య