మా ఆయన సమాధి దగ్గరి రైఫిల్‌ని దించేది లేదు

జిల్లా ఆయుధ లైసెన్సుల విభాగాధికారి ఇన్నకెంతీ పావ్లొవిచ్ గారి సముఖమునకు,
నీరుంగ్దా వాగు వేటగత్తె, కీర్తిశేషుడు స్తెపాన్ యోల్దోగిర్ భార్య మాత్ర్యోనా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను ఎంచుకున్న చప్పుడు తక్కువ పాయింట్ టూ టూ రైఫిల్‌కు, దాని తూటాలకు లైసెన్సు నిలిపివేయుట గురించి, నా భర్త పాత రైఫిల్‌ను నేను అప్పగించకపోవుట గురించి.

నా దరఖాస్తు తిరస్కరించబడినందున, తమరి గది తలుపు నాకు తెరవబడనందున, ఈ క్రింది అంశములు కాగితం మీద పెట్టుకొనుచున్నాను. మా వేట సంఘంలోని మాస్టారు భాష సరిచేసిపెట్టారు. మర్యాదగా లేవని ఆయన కొట్టేసిన మాటలు కొన్ని నేను మళ్ళీ రాశాను.

1. ఆయుధము. నేను ఎంచుకున్నది ఒక్కసారికి ఒక్క తూటా పెట్టి గడియ వేసి పేల్చే పొడుగు గొట్టపు రైఫిల్. గొట్టం పొడుగైతే మందు లోపలే కాలిపోయి, మూతి దగ్గర చప్పుడు చిన్నదవుతుంది. చప్పుడు మింగే గొట్టం ఏదీ బిగించమని నేను అడగలేదు, అది నేరమని ఎరుగుదును. దుకాణదారు నాకు ఇంకో రకం అంటగట్టబోయాడు.

"అవ్వా, ఇది చూడు. టకటకా పది పేలుతుంది."

"పది ఉడుతలు ఒకే కొమ్మ మీద వరసగా కూర్చుంటాయా నాయనా?"

"పాతకాలం మనిషివి, నీకు చెప్పడం నాదే తప్పు" అని గొణుక్కుని నేనడిగిందే తీసి ఇచ్చాడు. దానిని దుకాణంలో నా పేర పక్కన పెట్టించి ఉన్నాను.

2. తూటాలు. వేగం తూటాలు నాకు వద్దు. అవి గొట్టం దాటాక కూడా గాలిలో కొరడా ఝళిపించినట్టు ఛెళ్ళుమంటాయి, అప్పుడు పొడుగు గొట్టం ఉండీ లాభం లేదు. మొన బోలుగా ఉన్నవీ వద్దు. తలకు తగిలినా భుజం దాకా చీల్చేస్తాయి, తోలు పనికిరాదు, పులుసులో ఎముక ముక్కలు పంటికి తగులుతాయి. నాకు కావలసినది నెమ్మదిగా పోయే మామూలు సీసం గుండు. దానితో కొట్టాలంటే చెట్టు దగ్గరికి నడవాలి, ఊపిరి బిగబట్టాలి. నా కాళ్ళు నడుస్తున్నాయి, ఊపిరి ఆడుతోంది. దుకాణం వెనక బిర్చి బెరడు మీద గుర్తు పెట్టి రకరకాల పెట్టెలు కాల్చి చూశాను. ఒక రకం మాత్రమే గుండు మీద గుండు పడింది, తక్కినవి చెదిరిపోయాయి. ఒకే కొలత తూటాలైనా ఒక్కో రైఫిల్‌కి ఒక్కో రకమే పడుతుంది. "దానికి ఏది పడితే అదే తినిపించు, నీకు నచ్చింది కాదు" అనేవాడు మా ఆయన.

తిరస్కరణ పత్రంలో తమ విభాగము "దరఖాస్తుదారు ఇంట ఉన్న లైసెన్సు గల జంటగొట్టపు తుపాకీతో సరిపెట్టుకొనవచ్చును" అని సలహా ఇచ్చినది. ఆ సలహా రాసిన వారు ఉడుతను చెట్టు మీద ఎప్పుడైనా చూశారా అని అడుగుచున్నాను. నా కుక్క బూరా లార్చ్ చెట్టు మొదట్లో మొరుగుతుంది. ఉడుత పైనుంచి దాన్ని తిడుతూ కూర్చుంటుంది. చిన్న రైఫిల్ చిటుక్కుమంటే పక్క చెట్టు మీది ఉడుత ఇంకా కుక్కనే చూస్తూ ఉంటుంది. జంటగొట్టం ఢామ్మంటే కొండవాలు మొత్తం ఖాళీ. నా సవారీ రెయిన్‌డీర్ ఇంకా లేతది. మూటాముల్లెతో సహా నన్ను వదిలేసి డేరాకు పారిపోతుంది. తమ సలహా విని మొన్న ఒకసారి పేల్చి చూస్తే పారిపోయింది కూడా. మంచులో దాని అడుగులు చూసుకుంటూ, దాన్నీ తమ విభాగాన్నీ కలిపి తిట్టుకుంటూ వచ్చాను.

3. అడ్డంకి. భర్త పేర ఉన్న రైఫిల్ అప్పగిస్తే తప్ప కొత్తది ఇవ్వబడదని తమ గుమాస్తా జినైదా గారు సెలవిచ్చారు. అక్కడ జరిగిన సంభాషణ యథాతథముగా:

"పాతది తెచ్చావా?"

"సమాధి పక్క చెట్టుకి వేలాడుతోందమ్మా. గొట్టం వంగిపోయింది, కర్ర విరిగిపోయింది."

"అయితే ముక్కలు దించి తీసుకురా."

"పోయినవాడి సొత్తు దించితే వాడు దాని వెనకే ఇంటికొస్తాడు. అప్పుడు నువ్వొచ్చి సర్దిచెప్తావా?"

"నన్నెందుకు లాగుతావు అవ్వా? సరే, దించొద్దు. విరిచినవాడు ఎవరో వచ్చి, నేనే విరిచానని సంతకం పెట్టమను. రిజిస్టర్‌లో ఉన్న ఆయుధం పాడుచేసినందుకు వాడికి జరిమానా పడుతుంది, నీ రైఫిల్ నీకొస్తుంది."

ఈ మాట అంటుండగా తమరి గది తలుపు వెనక ఎవరో దగ్గారు. అధికారి గారు ఊళ్ళో లేరని జినైదా గారు చెప్పారు. నేను తల ఊపి వచ్చేశాను.

4. విరిచిన సంగతి. తమరికి తెలియనిది కాదు గాని, కార్యాలయములకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. పోయినవాడు వెళ్ళే లోకంలో అన్నీ తలకిందులు. ఇక్కడ విరిగింది అక్కడ బాగుంటుంది. ఇక్కడ బాగున్నది అక్కడ చేతికి ముక్కలుగా వస్తుంది. అందుకే మా ఆయన కెటిల్‌కి చిల్లు పొడిచాం, జీను పట్టీలు కోశాం, రైఫిల్ విరిచాం. ఆ కెటిల్ కూడా ప్రభుత్వానికి అప్పగించవలెనా, తెలుపగలరు. విరిచిన వ్యక్తి మృతుని మేనల్లుడు, ఆచారం ప్రకారం అది చేయవలసినవాడు. ఆయన పేరు ఈ అర్జీలో రాయను. ఎవరడిగినా చెప్పను. ఆయనకు ఉద్యోగం ఉంది.

5. నష్టము. మంచు పడింది. వేట మొదలయ్యే నాటికి రైఫిల్ లేనివారి వేటభూమి ఇంకొకరికి రాసివ్వాలని సంఘం తీర్మానం. నీరుంగ్దా వాగు మా ఆయనది, ఆయన తల్లిది, ఇప్పుడు నాది. ఆయన సమాధి ఆ వాగు ఒడ్డునే ఉంది. భూమి పోతే అక్కడికి పోవడానికి నేను ఇంకొకడి అనుమతి అడుక్కోవాలి. అడుక్కోను. నాకు ఉడుతలు ఎంత అవసరమో తమరికి తెలుసు, కానీ అంతకన్నా నాకు ఆ వాగు కావాలి. అది లేకపోతే నేను బతకను, ఇది బెదిరింపు కాదు, మామూలు సంగతి.

కావున, సమాధి దగ్గరి రైఫిల్‌ని నేను దించను. తమరికి అంతగా కావాలంటే తమరే వచ్చి దించుకొనవచ్చును. దారి తమరు ఎరుగుదురు. రాలేని పక్షమున, నేను ఎంచుకున్న రైఫిల్‌కు, నేను ఎంచుకున్న తూటాలకు అనుమతి ఇప్పించి, ఈ అర్జీని తలుపు వెనక కాకుండా బల్ల ముందు కూర్చుని చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ కాగితం మీద మాత్రమే తమ విధేయురాలు,
మాత్ర్యోనా యోల్దోగిర్

తా.క.: కేషా, ఊరందరికీ నువ్వు ఇన్నకెంతీ పావ్లొవిచ్‌వి అయినా నాకు కేషావే. పైదంతా మాస్టారు చదివారు. ఇది చదవలేదు. తలుపు వెనక దగ్గింది నువ్వేనని నాకు తెలీదనుకున్నావా? భయమేస్తే దగ్గడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆ గొట్టాన్ని రాయి మీద పెట్టి గొడ్డలి మడమతో వంచింది నువ్వే కదరా. మొదటి దెబ్బ జారిపోతే "మామా, కోప్పడకు" అని ఏడుస్తూ మళ్ళీ కొట్టావు. "అత్తా, సరిగ్గా విరిగిందా?" అని నన్నడిగావు. సరిగ్గానే విరిగింది, నాయనా. ఇప్పుడు మీ మామ దానితో హాయిగా వేటాడుకుంటున్నాడు. నువ్వు చేసిన ఆ మంచి పనికి నన్ను పోయి ముక్కలు ఏరుకురమ్మంటావా?

సంతకం పెట్టు. జరిమానా వేస్తారు, పైవాళ్ళు అరుస్తారు, ఉద్యోగం పోయినా పోవచ్చు. పోతే నా వాగుకి రా, డేరాలో చోటుంది. పెట్టకపోయినా నీ పేరు నా నోట రాదు. నువ్వే చెప్పుకోవాలి.

ఇంకొకటి. మొదటి వేట మన నోట్లో పెట్టుకోం, ఎదుటివాళ్ళకిస్తాం. నిన్నటిదాకా ఆ వంతు ఎవరికివ్వాలో మీ మామ చెప్పేవాడు. ఈ యేడు నేను చెప్తున్నాను, మొదటి ఉడుత నీది. మీ ఆవిడతో పొయ్యి మీద నీళ్ళు పెట్టమని చెప్పాలనుకున్నాను. కానీ అది ఇంకా చెట్టు మీదే కూర్చుని మా బూరాని తిడుతోంది, నేను కింద వట్టి చేతులతో నిలబడి ఉన్నాను.