పాతర తెరిచిన రోజు

అనంతపురం,
16 జులై 1958

నాయనకు, ప్రమీల నమస్కరించి రాసేది.

హాస్టలుకు వచ్చి పద్దెనిమిది రోజులైంది. చేరానని ఒక కార్డు ముక్క రాసి ఊరుకున్నాను. రెండుసార్లు కూర్చుని కూడా ఈ ఉత్తరం రాయలేకపోయాను. మీరొక్కరే చదవండి. చదివాక అమ్మకు చెప్పాలో వద్దో మీ ఇష్టం.

వేసవి సెలవుల్లో జొన్నపాతర దగ్గర గాళెప్పకు జరిగినదానికి కారణం తాగుడు కాదు, నేను.

ఆ రోజు మీరు కాలువ నీళ్ల పనిమీద బళ్లారికి పోతూ, పాతర మూత తీసి సాయంత్రం దాకా గాలి తగలనిచ్చి మరునాడు దిగమని గాళెప్పకు చెప్పి పోయారు. అతనికి చెప్పాల్సిన పని కూడా లేదు. కప్పగల్లులో ఎవరి పాతర తెరిచినా అతన్నే కదా పిలిచేది. పది గంటలకు సరోజినీదేవి వచ్చింది. నాతో చదివే పిల్ల. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టినవాళ్లు. వాళ్ల కూలీలకు జొన్నలు కావాలని బండి పంపుతుంటే, మన ఊరు చూద్దామని తనూ ఎక్కి వచ్చింది. "మీరు తిండిగింజల్ని మట్టిలో పాతిపెట్టుకుంటారటగా" అని నవ్వింది. ఎగతాళి కాదేమో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆమె బండి ఖాళీగా వెనక్కి పోకూడదనిపించింది.

గాళెప్ప మూతరాయి తీసి, లాంతరును తాడుకు కట్టి లోపలికి దించాడు. సగంలోనే ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. మళ్లీ ఆరింది.

"ఈ పొద్దు కాదు చిన్నమ్మా. లోపల గాలి చెడ్డగా ఉండాది. ఊరికే దిగేది కాదు," అన్నాడు.

లాంతరు గాజు పగిలి ఉంది, పైగాలికి ఆరి ఉంటుందని నేను వాదించాను. అతను ఒప్పుకోలేదు. తాడు పట్టుకున్న పక్కీరప్ప కూడా ఒప్పుకోలేదు. సరోజిని గొడుగు కింద నిలబడి చూస్తూ ఉంది. అప్పుడు నేనన్న మాట ఇది: "దీపం ఆరితే భయపడే మగోన్ని నిన్నే చూస్తాండా గాళెప్పా. పోనీ, సిద్దక్కను పిలుచుకొని వచ్చేదా, దిగేదానికి?"

పెళ్లాం పేరు ఎత్తేసరికి బండివాడు నవ్వాడు. సరోజిని కూడా నవ్వింది. గాళెప్ప తలగుడ్డ తీసి పక్కన పెట్టి, నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

పక్కీరప్ప, బండివాడు కలిసి పైకి లాగేసరికి మొహం నల్లబడి ఉంది. తరువాతది మీకు తెలుసు. ఆరు రోజులు ఆసుపత్రి. నేను బయల్దేరేనాటికి కూడా చేతుల వణుకు పోలేదు.

ఆ సాయంత్రం మీరు వచ్చి అందరి ముందూ నన్ను అడిగారు, "తాగినాడా వాడు?" అని. నేను "ఏమో నాయనా" అన్నాను. తాగాడని అనలేదు కదా అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ మరునాటికి ఊరంతా గాళెప్ప తాగి పాతర దిగాడనే చెప్పుకుంది. మీరు పని మాన్పించారు. ఇప్పుడు అతన్ని పాతర దగ్గరికి సరే, ఎద్దులు తోలడానికి కూడా ఎవరూ పిలవడం లేదు. నేను బయల్దేరిన రోజు సిద్దక్క కాలువ మట్టి మోయడానికి పోతూ బస్సు దగ్గర నాకు ఎదురుపడింది. "బాగా చదువుకో తల్లీ," అంది. ఆమెకు ఎంత తెలుసో నాకు తెలియదు.

మొన్న లాబరేటరీలో కొత్త పిల్లలకు బొగ్గుపులుసు వాయువు చూపించారు. జాడీలోకి మండే పుల్ల దించితే ఆరిపోయింది. పోయిన ఏడు అదే పని నా చేత్తో చేశాను. రికార్డులో బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మరి పాతర దగ్గర అది ఎందుకు గుర్తుకు రాలేదు? నిజంగా రాలేదా, వచ్చినా సరోజిని ముందు తగ్గలేకపోయానా అని ఆలోచిస్తే ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తోంది.

గాళెప్పను పిలిచి నలుగురిలో నిజం చెప్పండి. తిరిగి పనిలో పెట్టుకోండి. నన్ను ఏమన్నా పడతాను.

మీ కూతురు
ప్రమీల


కప్పగల్లు,
22 జులై 1958

అమ్మా ప్రమీలా,

నీ ఉత్తరం అందింది. అమ్మకు చూపించలేదు.

నువ్వు రాసిన సంగతి నాకు కొత్త కాదు. ఆ సాయంత్రం నేను బండి దిగుతూనే పక్కీరప్ప నన్ను కొట్టం వెనక్కి పిలిచి అంతా చెప్పినాడు, నువ్వన్న మాటతో సహా. ఆడపిల్ల మాటకు మనిషి చావబోయినాడని ఊరు అనుకుంటే, ఆ మాట రేపు నీ వెంట అత్తగారింటి దాకా వస్తుందని భయపడినాను. వాన్ని నోరు మూసుకోమని, తరువాత వచ్చి అందరి ముందూ నిన్ను అడిగినాను. నువ్వు ఔనకపోయినా ఫరవాలేదు, కాదనకుంటే చాలనుకున్నాను. గాళెప్ప తాగడని ఇరవై ఏండ్లుగా నాకు తెలుసు.

నీ ఉత్తరం చూసినాక వాళ్లింటికి పోయినాను. అరుగు మీద తాడు పేనుతా ఉన్నాడు. చేతులు వణికి పురి నిలవడం లేదు. పనికి రమ్మన్నాను. తాగలేదని నేనే నలుగురిలో చెప్తానన్నాను. వాడు తలెత్తకుండానే, "నువ్వు చెప్తే యజమాని దయ అంటారప్పా. చిన్నమ్మ వచ్చి చెప్పనీ. లేకుంటే వద్దులే, ఈడ నాకు బానే ఉండాది," అన్నాడు. సిద్దక్క లోపలి నుంచి రానే లేదు. మరునాడు ఒక మూట జొన్నలు పంపితే తిప్పి పంపింది.

నువ్వు రావద్దు. చదువు చెడుతుంది. నాలుగు నెలలు పోతే ఎవరికీ గుర్తుండదు. ఇక్కడిది నేను చూసుకుంటాను.

నీ నాయన
వెంకటరామి


అనంతపురం,
28 జులై 1958

నాయనకు,

మీ ఉత్తరం చదవగానే మొదట నాకు కలిగింది ఊరట. తప్పు నా ఒక్కదానిదే కాదని. ఆ ఊరటకు సిగ్గుపడటానికి ఒక పూట పట్టింది. మీరు అలా అడిగి ఉండకపోతే నేనే నిజం చెప్పేదాన్నని కూడా అనుకోబోయాను. చెప్పి ఉండేదాన్ని కాదు. కాబట్టి మీమీద కోపం లేదు. ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

అత్తగారింటి సంగతి రాశారు. నేనన్న మాట నా వెంట రావాల్సిందే. ఇప్పుడది గాళెప్ప వెంట తిరుగుతోంది.

శనివారం గుంతకల్లు మీదుగా వస్తున్నాను. స్టేషనుకు బండి పంపొద్దు, బస్సులో వస్తాను. ఆదివారం పొద్దున పాతర్ల దగ్గరికి ఊరివాళ్లను పిలిపించండి. గాళెప్పకు మాత్రం కబురు పెట్టొద్దు. ముందురోజు నేనే పోయి అడుగుతాను. సిద్దక్క తలుపు తీయకపోతే అరుగు కింద నిలబడి అడుగుతాను. అతను రావచ్చు, రాకపోవచ్చు. మన పనికి తిరిగి వస్తాడని నేను అనుకోవడం లేదు. అయినా చెప్పాలి.

అమ్మకు నా ఉత్తరాలు రెండూ చదివి వినిపించండి. ఆదివారం మీరు నా పక్కనే నిలబడాలి. ముందు నేను చెప్తాను. నేను ముగించాక, ఇదంతా ఆ రోజే మీకు తెలుసని మీరు చెప్పండి.

ప్రమీల