అత్తయ్య సాక్ష్యం

కృష్ణానగర్,
హైదరాబాదు.

అత్తయ్యకు మీ పద్మ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, దిగులు పడకండి. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చిన్న మామయ్యగారు కులాసాయేనా? ఇక్కడ వారం నుంచి ఒకటే ముసురు. గదిలో ఆరేసిన చీరలు మూడు రోజులైనా ఆరడం లేదు. మీ చేపల పులుసు లాంటిది ఎక్కడా దొరకలేదు.

కాస్ట్యూమ్స్ పని బాగానే నడుస్తోంది. మొన్న ఫిలింనగర్‌లో పెళ్ళి సీను తీశారు. హీరోయిన్ మెడలో తాళి సర్దేది నేనే, ప్యాకప్ కాగానే తీసి డబ్బాలో పెట్టేదీ నేనే. అసలు పెళ్ళి అంత సులువుగా తెగదని ఈ నెలలోనే తెలిసింది.

యాదగిరి సంగతి ఫోనులో చెప్పాను కదా, జూబ్లీహిల్స్‌లో ఒకరి కారు నడుపుతాడని. "ఇంకెన్నాళ్ళు ఒంటరిగా ఉంటావే, చేసుకో" అని మీరే అన్నారు. మీ అబ్బాయి వెళ్ళిపోయి ఏడేళ్ళు దాటింది కాబట్టి పెళ్ళి దానంతటదే రద్దయిందని మేకప్ అక్క చెప్తే నమ్మేశాను. గుడిలో దండలు మార్చుకుందామన్నాను. యాదగిరి ఒప్పుకోలేదు. "గట్ల కాదు పద్మా. వకీలమ్మను అడుగుదాం. రేపు ఎవ్వలూ మనల్ని వేలెత్తి చూపొద్దు" అన్నాడు.

వకీలమ్మ చెప్పింది వేరు. ఏడేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు విడిగా ఉన్నా పెళ్ళి పెళ్ళేనట. కోర్టు విడాకులివ్వకుండా ఇంకోటి చేసుకుంటే చెల్లదు, పైగా నేరం. నేను ఊరుకుంటానా, ఒకటే ప్రశ్నలు.

"మరి ఏడేళ్ళ మాట అబద్ధమా?" అన్నాను.

"కాదమ్మా. మనిషి బతికున్నట్టు ఏడేళ్ళుగా అయినవాళ్ళెవరికీ కబురు లేకపోతే ఆ కారణంతో విడాకులు అడగొచ్చు. కానీ అడగాలి. ఆయన కబురు ముందు తెలిసేదెవరికి?"

"వాళ్ళమ్మకి."

"అయితే ఆవిడ వచ్చి సాక్ష్యం చెప్తే కేసు గట్టిగా ఉంటుంది."

అత్తయ్యా, ఫోను మోగితే చేతులు తుడుచుకుంటూ పరుగెత్తే మిమ్మల్ని బోనెక్కించి, కొడుకు బతికున్నట్టు తెలియదని చెప్పమని ఎలా అడగను? వేరే దారి లేదా అన్నాను. ఉందట. రెండేళ్ళకు పైగా వదిలేసి పోయాడని కూడా అడగొచ్చట. కోర్టుకు ఎన్నిసార్లు తిరగాల్సొచ్చినా ఆ కేసే వెయ్యమన్నాను. "అమ్మతోని ఆ మాట చెప్పియ్యొద్దు" అని యాదగిరీ అన్నాడు.

విడాకులొచ్చాక కూడా అప్పీలు గడువు తీరేదాకా ఆగాలి. ఆగుతాం. కోర్టు తెంపేది ఆయనతోనేనా, అత్తయ్యతో కూడానా అని అడిగాను. వకీలమ్మ నవ్వి, "అత్తను విడదీసే సెక్షన్ ఏదీ లేదు" అన్నారు. అది విన్నాక ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మీ అబ్బాయితో నా పెళ్ళి శుభలేఖ, ఫోటో మీ బీరువాలో ఉన్నాయి, కోర్టుకు కావాలట, పంపండి. చిన్న మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. మీరు మనసారా దీవిస్తే చాలు నాకు.

ఇంకో మాట. మీ అబ్బాయి ఎక్కడున్నాడో తెలియదు కాబట్టి కోర్టు నోటీసు పేరుతో సహా పేపర్లో వేయిస్తారట. అది చూస్తే ఆయన నాకు ఫోను చెయ్యడు, మీకే చేస్తాడు. ఆ పాత నంబరు మార్చకండి.

ఎప్పటికీ మీ కోడలు,
పద్మ