ముందు అద్దం లేని కారు

ఏవండీ,

మీరు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి మీ తమ్ముడు వంటవాళ్ళను మాట్లాడుతున్నాడు. నేను బాగానే ఉన్నాను. మీ కారు కూడా బాగానే ఉంది... దానికి గీతైనా పడలేదు.

అది ఏలూరు వచ్చిన రోజు గుర్తుందా? పైకప్పు లేదు, ముందు అద్దం లేదు, రెండే సీట్లు. గాలి ముఖాన కొట్టాలని కావాలనే అలా చేశారట. దేశంలో ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చన్నారు మీరు. కారుతో పాటు రెండు హెల్మెట్లు కూడా ఇచ్చారు. మీదాన్ని మీరు ఒక్కసారీ పెట్టుకోలేదు. "అది పెట్టుకుంటే లోపలున్నది నేనని ఎవడికి తెలుస్తుందే?" అనేవారు. తాడేపల్లిగూడెం బజారులో, అంత వేగంగా పోయే కారుని, నడిచేవాళ్ళ కన్నా నెమ్మదిగా పోనిచ్చేవారు. చీకటి పడ్డాక చెరువుల మీది పురుగులన్నీ ముఖాన అంటించుకుని ఇంటికొచ్చి, అద్దంలో చూసుకుని నవ్వేవారు.

ఆ చివరి రోజు ఉదయం నన్ను మొదటిసారి ఎక్కించుకున్నారు. కలిదిండి వెళ్ళి మన చేపల చెరువులు చూసొద్దామన్నారు. నేను హెల్మెట్ పెట్టుకుంటే, "తీసెయ్, మనిషిలా కనిపించు" అన్నారు. తియ్యలేదు. పెళ్ళయ్యాక మీ మాట కాదన్నది బహుశా అదే మొదలు.

మన చెరువులు దగ్గర పడేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. మీరు వేగం పెంచారు. అప్పుడే గట్టు మీద సూరిబాబు టపాకాయ పేల్చాడు. చేపల కోసం వాలే పక్షుల్ని లేపడమే కదా, చెరువు కాపలావాడిగా అతని పని? "ఒక్క పిట్ట వాలినా ఊరుకోను" అని ముందు రోజు ఫోన్లో మీరు అతని మీద అరవడం నేను విన్నాను. పెద్ద పెద్ద గూడబాతులు గుంపుగా లేచి రోడ్డు మీదుగా వచ్చాయి. వాటిలో ఒకటి తిన్నగా మీ ముఖానికి...

కారు దానంతటదే నెమ్మదించి, అంచున గడ్డిలో ఆగింది. నా ఒళ్ళంతా ఈకలు. మీ ముఖం వైపు చూశాను. ఏం చూశానో మీకు చెప్పను.

మొదట పరుగెత్తుకొచ్చింది సూరిబాబే. మిమ్మల్ని చేపల లారీలోకి ఎత్తిందీ అతనే. ఏలూరు చేరకముందే మీరు పోయారు. మిమ్మల్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కారు కడిగి, గుడ్డ కప్పి ఉంది. మీ తమ్ముడు దగ్గరుండి కడిగించాడట.

ఆ సాయంత్రమే అతను సూరిబాబుని చెరువు షెడ్డులో కట్టేసి కొట్టాడు. అతని కుడి చెవి వినపడకుండా పోయింది. ఆ పైన, కావాలనే కారు మీదికి టపాకాయ విసిరాడని కేసు పెట్టించాడు.

నాకు తెలియగానే స్టేషన్‌కి వెళ్ళాను. అతను విసరలేదని, పేల్చమన్నది మా ఆయనేనని చెప్పాను. కేసు పోయింది. ఆ రోజు నుంచి మీ అమ్మగారు నా చేతి మంచినీళ్ళు తాగడం లేదు. మొగుడి కన్నా కాపలావాడు ఎక్కువయ్యాడా అని అందరి ముందూ అడిగారు.

పరామర్శకి వచ్చినవాళ్ళు మీ ఫోటోకి దణ్ణం పెట్టి, తిన్నగా కారు దగ్గరికి నడిచేవారు. ఒకాయన మీ సీట్లో కూర్చుని సెల్ఫీ తీసుకున్నాడు. తర్వాత, కారు కొంటానని హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. ప్రమాదమేమైనా జరిగిందా అని అడిగితే, "కారుకేం కాలేదండి" అన్నాడు మీ తమ్ముడు. నిజమేగా... మిగతాది నేను చెప్పాను. ఆయన సీట్లోంచి లేచి, ప్యాంటు దులుపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మొన్న అత్తిలి వెళ్ళాను. సూరిబాబు ఇప్పుడు అక్కడ అత్తగారింట్లో ఉంటున్నాడు. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అతని భార్య కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుంటూ మెల్లగా అంది: "మీరు మంచోరేనండి. అయ్యగారు పోయినందుకు ఏడవాలనే అనుకుంటానండి. ఏడుపు రాట్లేదండి."

నాక్కూడా రావడం లేదని ఆమెకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఉంటానండీ.