గీత తప్పిన చోటు

మే 4, సోమవారం

పొద్దున్నే పెదనాన్న దుకాణం అద్దం మీద ఒక కాగితం కనిపించింది. సన్నరంపం మిషన్ అమ్మబడును. మంచి కండిషన్. లోపల విచారించండి.

పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని రోడ్డు మీదే నిలబడి మూడుసార్లు చదివాను. హాస్టల్ నుంచి సెలవులకొచ్చి రెండు రోజులైనా కాలేదు, ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదు.

పెదనాన్నది వాచీల రిపేరు దుకాణం. ముందు దుకాణం, వెనక వాళ్ళ ఇల్లు, పైన మేము. వాళ్ళ వెనక గదిలో ఉంటుంది ఆ మిషన్. డబ్బా మీద స్క్రోల్ సా అని ఉంటుంది కానీ మా ఇంట్లో అది సన్నరంపమే. చీపురుపుల్ల కన్నా సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే దాని ముందు చెక్కను మెల్లగా తిప్పాలి. ఆకులూ తీగలూ పిట్టలూ వస్తాయి. ఏడో క్లాసు నుంచి తొమ్మిది దాకా నా సెలవులన్నీ ఆ రంపపు పొట్టులోనే గడిచాయి.

ఎందుకు అమ్ముతున్నావని అడిగాను. దుమ్ము పట్టడానికి అంత చోటెందుకు పిల్లా అన్నాడు. నా చెయ్యి ఎటూ పోయింది, పని చేసుకునేవాళ్ళ దగ్గరుంటే దానికీ మర్యాద అన్నాడు. అంటూనే ఎవరిదో వాచీకి స్ట్రాప్ మారుస్తున్నాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను. నిలకడగా ఉంది.

అమ్మేలోపు నేను వాడుకోనా అన్నాను. ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా అని నవ్వాడు.

ఆయన చెయ్యి పోలేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అదే రోజు, సాయంత్రం 4

కనీసం ఇక్కడ రాసేస్తాను.

నాలుగేళ్ళ కిందటి వేసవి. పెదనాన్న గోడ గడియారానికి చెక్క చట్రం కోస్తున్నాడు. చుట్టూ తీగ, తీగ నిండా ఆకులు, ఆకుల్లో ఈనెలు. మొత్తం నూట పన్నెండు కంతలు. ప్రతి కంతకూ ముందు డ్రిల్‌తో చిల్లు పెట్టాలి. బ్లేడు పైకొస ఊడదీసి, చిల్లులోంచి దూర్చి, మళ్ళీ బిగించి, అప్పుడు లోపలి ముక్క కోసి తీయాలి. అలా నూట పన్నెండుసార్లు. నాలుగు నెలలు కూర్చున్నాడు. ఇక ఆరు మిగిలాయి.

ఆయన భోజనానికి లేచాడు. బ్లేడు చెక్కలోనే ఉంది. ఒక ఆకు నేను పూర్తి చేసి పెడితే ఎంత మురిసిపోతాడో అనుకున్నాను. స్విచ్ వేసి తోశాను. సన్నరంపం తోస్తే వినదు. బ్లేడు వంగి, గీత దాటి, తీగ కాడలో సగం దాకా దిగిపోయింది. ఆపేశాను. చెక్కను వెనక్కి జరిపి మునుపున్న చోటే పెట్టాను. చేతులు కడుక్కుని వెళ్ళి ఆయన పక్కనే భోజనానికి కూర్చున్నాను.

ఆయన తిరిగొచ్చి స్విచ్ వేసిన రెండు నిమిషాలకు కాడ పుటుక్కుమంది. చట్రం రెండు ముక్కలై చేతిలోకొచ్చింది. ఆయన చెక్కను చూడలేదు. తన కుడిచేతిని చూసుకున్నాడు. తిప్పి తిప్పి చూసుకున్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ రోజే మిషన్ మీద దుప్పటి పడింది. నెల తిరక్కుండా వాచీలు విప్పడం కూడా మానేశాడు. బ్యాటరీలు, స్ట్రాపులు, అంతే. లోపలి పని ఏదైనా వస్తే వీధి చివరి దుకాణానికి పంపిస్తాడు. చేతికి ఏమీ లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు. ఆ నరమేదో డాక్టర్లకు కనిపించదట. టెన్త్ అని, ఇంటర్ అని నేనూ ఆ గది గడప తొక్కలేదు. ఎంత బుద్ధిగా చదువుకుంటోందో అని అందరూ మెచ్చుకున్నారు.

మే 5, మంగళవారం

దుప్పటి తీశాను. నూనె వేశాను. బ్లేడు బిగించి స్విచ్ వేయగానే చెక్క కప్పలా ఎగిరి నా గడ్డానికి తగిలింది.

పళ్ళు కిందికి పిల్లా, పళ్ళు కిందికి అని దుకాణంలోంచి పెదనాన్న కేక. మధ్యలో రెండు గోడలున్నాయి. చప్పుడు విని చెప్పాడు. నిజంగానే బ్లేడు తలకిందులుగా పెట్టాను. పళ్ళు కిందికి ఉంటేనే చెక్కను బల్లకు అదిమిపెడతాయి.

పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి నా గడ్డం పట్టుకుని, రంపం పళ్ళ సంగతి తర్వాత, నీ పళ్ళున్నాయా పంతులమ్మా అంది. మాటలు సరిదిద్దుతానని నాకా పేరు పెట్టింది.

మళ్ళీ బిగించాను. ఈసారి, వదులైంది, మీటి చూడు, టింగుమనాలి అన్నాడు. మీటాను. టింగుమనలేదు. బిగించాను. టింగుమంది. ఆఁ అన్నాడు గోడల అవతలి నుంచి.

లోపలికి మాత్రం రాలేదు.

మే 7, గురువారం

చేతులకు గుర్తుంది. నాకన్నా వాటికే ఎక్కువ గుర్తుంది. మిషన్ కదలదు, చెక్కే కదలాలి. వంపు దగ్గర తోయకూడదు, తిప్పాలి. చూపు బ్లేడు మీద కాదు, బ్లేడు ముందున్న గీత మీద. ఇవన్నీ పెదనాన్న చెప్పినవే. ఆయన గొంతుతోనే వినిపిస్తున్నాయి, అదే కష్టం.

హాస్టల్ లైబ్రరీలో నిఘంటువు తిరగేస్తూ నోట్‌బుక్‌లోకి మాటలు ఎక్కించుకోవడం ఈ ఏడాది పట్టిన పిచ్చి. నిబ్బరం అని మార్చిలో రాసుకున్నాను. ఎక్కడ వాడాలో అప్పుడు తెలియలేదు. ఇవాళ ఒక పిట్ట రెక్క మొత్తం ఒక్కసారి కూడా ఆగకుండా కోశాక తెలిసింది.

పెదనాన్న గుమ్మం దాకా వచ్చాడు. పిట్టను అందుకుని అటూ ఇటూ తిప్పి, తోక దగ్గర కంగారు పడ్డావు అన్నాడు. పడ్డాను. ఆ క్షణంలోనే ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

మీరూ ఓసారి కూర్చోరాదూ అంది పెద్దమ్మ. ఎందుకే, మంచి చెక్క పాడవడానికా అని వెళ్ళిపోయాడు.

మే 10, ఆదివారం

బడిలో క్రాఫ్టు చెప్పే మాస్టారు మిషన్ చూడటానికి వచ్చారు. నెమ్మదైన మనిషి. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని స్విచ్ నుంచి బోల్టుల దాకా అన్నీ చూశారు. ఒక్క గీత కోసి చూపించండి అని పెదనాన్ననే అడిగారు.

పెదనాన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నా చెయ్యి నమ్మదగ్గది కాదండీ, మా పిల్ల చూపిస్తుంది అన్నాడు. ఏదో జ్వరం గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు.

నేను కూర్చుని కోశాను. బాగా వచ్చింది. మాస్టారు మెచ్చుకున్నారు. ఎవరు నేర్పారమ్మా అన్నారు. పెదనాన్న వైపు చూపించాను. తలెత్తలేకపోయాను.

శుక్రవారం ఆటో తెచ్చి తీసుకెళ్తారట.

మే 11, సోమవారం

చెప్పలేదు. ఇవాళ మూడుసార్లు దుకాణంలోకి వెళ్ళి, మూడుసార్లు గడియారంలో టైము చూసి వచ్చాను.

మే 12, మంగళవారం

చెప్పేశాను.

నోట్‌బుక్‌లో ఏడు రకాలుగా రాసుకున్నాను ఆ మాటను. ఏడూ మంచి వాక్యాలే. ఒకదానిలో నిష్కపటంగా అన్న మాట కూడా ఉంది. దుకాణంలోకి వెళ్ళాక ఒక్కటీ నోట్లోకి రాలేదు. నేనే పెదనాన్నా అన్నాను.

ఏది నువ్వే అన్నాడు, కళ్ళజోడు మీదుగా చూస్తూ.

గడియారం చట్రం. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. నేను కోశాను. కాడలోకి పోయింది. నువ్వు వచ్చేసరికే తెగి ఉంది.

ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. ఆయన తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఎంత లోతు పోయింది అని అడిగాడు.

సగం దాకా.

ఏ ఆకు దగ్గర?

కింద, ఎడమవైపు.

చేతిలోని పట్టకారు గాజుబల్ల మీద పెట్టాడు. అది దొర్లింది. ఆపలేదు.

మంచినీళ్ళ గ్లాసుతో వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి అంతా వింది. అయితే నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో సూదిలో దారం నేను ఎందుకు ఎక్కిస్తున్నట్టు, ఆయన గడ్డానికి మంగలిని ఎందుకు పిలుస్తున్నట్టు అంది. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేని గొంతు. నువ్వుండవే అన్నాడు పెదనాన్న.

తర్వాత నాతో, పైకెళ్ళు పిల్లా అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

మే 13, బుధవారం

నాతో మాట్లాడలేదు. కాగితం అద్దం మీదే ఉంది.

మే 14, గురువారం, ఉదయం 11

పైన బట్టలు ఆరేస్తుంటే కింద మిషన్ చప్పుడు. తడి బట్ట భుజం మీదే ఉంది, పరిగెత్తాను. వెనక గది గుమ్మంలో పెద్దమ్మ నోటి మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను కూడా అక్కడే ఆపేసింది.

పెదనాన్న కోస్తున్నాడు. పనికిరాని ముక్క మీద ఒక తిన్నని గీత, దాని చివర ఒక ఆకు. భుజాలు బిగుసుకుని ఉన్నాయి. కోయడం అయ్యాక ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

రెండు చోట్ల గీత తప్పింది. నాకూ కనిపించింది.

నాలుగేళ్ళు అలవాటు పోయింది కదా పెదనాన్నా అన్నాను. రెండు రోజుల తర్వాత నేనాయనతో అన్న మొదటి మాట అది.

నాకు సర్దిచెప్పకు అన్నాడు. చిన్నదానివి, భయపడ్డావు, అంతవరకూ నాకర్థమవుతుంది, చెక్కదేముంది, ఇంకోటి వస్తుంది అన్నాడు. ముక్కను కిటికీ గట్టు మీద పెట్టాడు. నా చెయ్యి ఎలాంటిదో నాకే తెలియకుండా చేశావు పిల్లా అన్నాడు. ఇప్పుడీ రెండు చోట్లా తప్పింది అలవాటు పోయో, వయసు వచ్చో, నన్నెవరిని అడగమంటావు అన్నాడు.

 

పెద్దమ్మే ముందు కదిలింది. విప్పాల్సిన వాచీలు నాలుగేళ్ళు ఎండనక వాననక వీధి చివరికి మోసింది నేను, ఇక ఈ సెలవులన్నీ పంతులమ్మే మోస్తుంది అంది. మోస్తానన్నాను. మోయాల్సిన అవసరం ఉంటుందో ఉండదో చూద్దాం ఉండండి అన్నాడు పెదనాన్న, ఇంకా కిటికీ వైపే చూస్తూ.

తర్వాత క్రాఫ్టు మాస్టారికి ఫోన్ చేశాడు. రేపు ఆటో తేవద్దని, పది రోజులు ఆగమని చెప్పాడు. అమ్ముతారా అమ్మరా అని ఆయన అడిగినట్టున్నారు. నాకే తెలియదండీ అన్నాడు.

అదే రోజు, సాయంత్రం 6

ఒకే ఆకు బొమ్మను పది కాగితాల మీద గీసి, పది ముక్కల మీద అంటించి, ఆరబెట్టాను.

రేపు ఉదయం ఏడింటికి, దుకాణం తెరవకముందు, పెదనాన్న పదీ కోస్తాడు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ కిటికీ దగ్గర చూసి, గీత ఎక్కడ తప్పిందో, ఎంత తప్పిందో రాయాలి. నా మొహం చూసి తగ్గించి రాస్తే ఊరుకోను అన్నాడు.

పెన్సిల్ వద్దట. పెన్ను తీసుకెళ్ళాలి.