పెయింటు ముగ్గు

జనగామ

ప్రియమైన కస్తూరికి,

ఫోన్లో నేను "నడుం ఎట్లుంది?" దగ్గరే ఆగిపోతానని ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నాను. ముందు చెప్పు, నడుం ఎట్లుంది?

నువ్వు నడుం చూపించుకోవడానికి మీ చెల్లెలు సంధ్య ఇంటికి వెళ్లాక ఇంట్లో చాలా మార్చాను. పప్పుల డబ్బాలు పై అరలకు ఎక్కాయి. నీళ్ల బిందెకు నడుమెత్తు అరుగు కట్టించాను. ఇక నువ్వు దేనికీ వంగాల్సిన పని లేదు.

అసలు సంగతి వేరే. పెయింటర్‌ని పిలిచి గడప ముందు తెల్లరంగుతో ముగ్గు వేయించాను. నీ నడుం నొప్పితో మూడేళ్లుగా ముగ్గు లేని వాకిలి చూసి నువ్వు చిన్నబుచ్చుకోవడం నాకు తెలియదా? ఇది వానకు కూడా పోదు. పక్కింటి రుక్మిణి చూసి, "మస్తుంది అన్నా, గిది మనుమల పెండ్లిదాక ఉంటది" అన్నది.

నడుం బెల్టు తీయకు. కింద ఏది పడ్డా సంధ్యను తీయమను.

నీ వెంకట్రాజం

---

మహబూబాబాద్

ప్రియమైన శ్రీవారికి,

ముందు నడుం సంగతే. స్కాన్‌లో ఏమీ లేదని డాక్టరు చెప్పి, ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ సౌందర్య అనే అమ్మాయి, బయ్యారం వైపు తండా పిల్ల, నా నడుముకు రెండు పక్కలా చిన్న బిళ్లలు అంటించింది. కండరం పని చేస్తే కంప్యూటర్‌లో గీత ఎగురుతుంది.

"పూర్తిగ వంగినప్పుడు నడుం కండరాలు నిమ్మళంగ ఊకోవాలె అమ్మా. మీయి ఊకుంటలేవు" అన్నది. నొప్పి పాతబడ్డ వాళ్లలో చాలామందికి ఇంతేనట. మళ్లీ నొప్పి వస్తుందన్న భయంతో కండరం విశ్రాంతి మరిచిపోయి, గుంజుతూనే ఉంటుందట. బెల్టు తీసేయించింది. రోజూ మెల్లగా వంగమన్నది.

మీరు పెయింటు ముగ్గు వేయించారని చదివి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. నా వాకిట్లో నా చేత్తో ముగ్గు పెట్టాలి. అందుకే వచ్చాను, అది జరిగేదాకా పట్టు వదలను. నేను పిలిచేదాకా మాత్రం రాకండి.

మీ కస్తూరి

---

మహబూబాబాద్

శ్రీవారికి,

ప్రియమైన అని రాయలేదు, గమనించండి.

రాకండని రాస్తే వచ్చారు. నేను సంధ్య వాకిట్లో ముగ్గుపిండి పట్టుకొని వంగి ఉన్నాను. చెయ్యి చక్కగా సాగుతోంది. వెనక నుంచి "వంగకు కస్తూరీ!" అని అరిచి గట్టిగా పట్టుకున్నారు. నడుం కట్టెలా బిగిసిపోయింది. ఆపైన మీరే అలిగి, అన్నం కూడా తినకుండా బస్సెక్కారు.

మర్నాడు సౌందర్య మళ్లీ బిళ్లలు అంటించింది. మెల్లగా వంగితే గీత దిగింది. "ఇప్పుడు మీ సార్ అరిచిన మాట యాది చేసుకోండి" అన్నది. గీత ఎగిరి కూర్చుంది.

మీరు నన్ను ఎట్లా కాస్తున్నారో నా నడుమూ నన్ను అట్లాగే కాస్తోంది. మీ ఇద్దరికీ దండం పెడతాను, ఇక సెలవు తీసుకోండి. ఆదివారం వస్తున్నాను. ఆ పెయింటు మీదనైనా సరే వంగి ముగ్గు పెడతాను. చూడటం మీ వల్ల కాకపోతే వెళ్లి మన దుకాణంలో కూర్చోండి.

కస్తూరి

---

జనగామ

ప్రియమైన కస్తూరికి,

ఆ రోజు నేను అలిగి వెళ్లలేదు. నిన్ను పట్టుకున్నప్పుడు, అప్పటిదాకా మెత్తగా ఉన్న నీ నడుం నా అరచేతి కింద రాయిలా అయింది. అది నా వల్లనేనని నా చేతికి తెలిసింది. ఆ చేత్తో అన్నం ముద్ద ఎట్లా కలుపుకోను?

డబ్బాలన్నీ కిందికి దించాను. అరుగు తీయించాను. పెయింటు గీకడానికి మాత్రం ఎవరినీ పిలవలేదు. నేనే కూర్చొని, వంగి, ఇనుప రేకుతో గీకాను. రుక్మిణి "ఏంది అన్నా, పైసలు పెట్టి ఏపిచ్చినదాన్ని గీకుతున్నవు?" అని పరేషాన్ అయింది. "మీ వదిన వస్తుంది" అన్నాను. రోజంతా దుకాణం గద్దె మీద నిటారుగా కూర్చునే మనిషిని కదా, ఇప్పుడు నా నడుమే పట్టేసింది. నవ్వుకో.

ఆదివారం దుకాణం తెరవను. చేతులు వెనక్కి కట్టుకొని వాకిట్లోనే నిలబడతాను. నాకు భయమేస్తుంది, అయినా నోరు తెరవను.

వాకిలి ఖాళీగా ఉంది. ముగ్గుపిండి డబ్బా గడప పక్కన నేల మీద పెట్టాను.

నీ వెంకట్రాజం